లవంగాలు నోట పెట్టుకుని చూసిన ఆట

మా అమ్మ తన తమ్ముడి అరచేతిలో ఆరు లవంగాలు లెక్కపెట్టి పోసింది. స్టేషను దాకా నడకలో ఒకటి, రైల్లో ఒకటి, ఆట సాగినంతసేపూ మూడు, తిరుగు ప్రయాణానికి ఒకటి. బుగ్గన లవంగం ఉన్నవాడు నోరు తెరిచి అరవలేడన్నది ఆమె సిద్ధాంతం.

"నమిలి ఊసీకు. బుగ్గనెట్టుకో. రేపు దీపం కాడ నీ గొంతు నాకు కావాల" అంది.

"అప్పా, నేను సూడ్డానికి ఎల్తన్నాను. అరవడానికి కాదు" అన్నాడు మామ తన అక్కతో.

"నువ్వు సూసినప్పుడల్లా అరుస్తావు. పోయినేడు ఎల్లొచ్చి నాలుగు రోజులు బల్లిలాగ కిచకిచలాడినావు. లబుతిక్‌కి వచ్చినోళ్ళకి బియ్యం ధర ఏళ్ళతో సూపించినావు."

లబుతిక్ అంటే మామ దుకాణం. దీవి ఉత్తరాన, మా ఊరు పిటాన్‌లో చెరకుతోటల మధ్య రోడ్డుకు ఆనుకుని ఉండేది. బియ్యం, పప్పు, కిరసనాయిలు అమ్మే ఆ మనిషి చుట్టుపక్కల తెలుగు ఇళ్ళన్నిటికీ భజన గురువు కూడా. ఆయన మొదటి చరణం ఎత్తుకుంటే మూడు పొలాల అవతల బండి తోలుకుపోయేవాడు ఎద్దులను ఆపి వినేవాడు. ఇది పొగడ్త కాదు. ఒకసారి ఆ దూరాన్ని నేను అడుగులతో కొలిచాను. నాలుగు వందల పన్నెండు అడుగులు వచ్చింది.

ఆ గొంతును మా అమ్మ ఎందుకు అంత జాగ్రత్తగా కాపాడుతోందో చెప్పాలి. నేను చక్కెర మిల్లు ప్రయోగశాలలో సహాయకుణ్ణి. రసంలో చక్కెర శాతం తేల్చే దూరదర్శిని వంటి పరికరం ఒకటి ఉండేది. దాని గొట్టంలోకి చూస్తే వెలుగు వృత్తం రెండు సగాలుగా కనబడుతుంది. ఒక సగం చీకటిగా, మరొకటి కాంతిగా ఉంటుంది. రెండూ సరిసమానమయ్యేవరకు మర తిప్పి, అప్పుడు అంకె చదవాలి. పదేళ్ళుగా ఆ పని నా కుడికంటితోనే చేశాను. ఈ ఆటకు కొన్ని నెలల ముందు, కోతల కాలంలో, రసాన్ని తేర్చడానికి కలిపే సున్నపుపాలు చింది ఆ కంట్లోనే పడ్డాయి. నలభై ఒక్క రోజులు కట్టు ఉంది. చూపు వస్తుందా రాదా అన్నదానికి డాక్టరు జవాబు చెప్పలేదు. భుజాలు ఎగరేసి చేతులు కడుక్కున్నాడు.

అమ్మ ఆ సాయంత్రమే పసుపుగుడ్డలో నాణెం పెట్టి ముడుపు కట్టి, దేవుడి పటం పైనున్న వాసానికి వేలాడదీసింది. నా కన్ను నిలిస్తే సింహాద్రి అప్పన్న స్వామి దీపం చుట్టూ తన తమ్ముడు పన్నెండు కీర్తనలు పాడతాడని మొక్కింది. మా ఇంట్లో భూమి లేదు, బంగారం లేదు. దేవుడికి ఇవ్వదగినంత పెద్ద వస్తువు ఆమెకు తెలిసినంతలో ఆ గొంతు ఒక్కటే. భజన పూర్తయ్యాకే ముడుపు విప్పాలి. లోటు జరిగితే మొక్కు తీరనట్టే, మొక్కు తీరకపోతే కన్ను తిరిగి ఏమవుతుందోనన్న భయం ఆమెను నిద్రపోనివ్వలేదు. కట్టు విప్పాక చూపు వచ్చింది. శనివారం సంధ్యవేళకు భజన నిశ్చయమైంది.

ఆ ముందురోజు శుక్రవారం, బ్రిటిష్ చక్రవర్తి పుట్టినరోజు సెలవు. రేవులో ఆగిన యుద్ధనౌక నావికులకూ దీవి ఉత్తరాన ఉన్న మా మిల్లుల కుర్రాళ్ళకూ రాజధాని పోర్ట్ లూయిస్ మైదానంలో ఫుట్‌బాల్ పందెం. వెళదామన్నది నేనే. నెలరోజులుగా ఆ కంటితో గోడనూ పుస్తకాన్నీ మాత్రమే చూశాను. దూరంగా, వేగంగా కదిలే దేన్నైనా ఆ కన్ను పట్టుకోగలదా అని పరీక్షించుకోవాలనిపించింది. ఒంటరిగా ప్రయాణం చేయవద్దని డాక్టరు అన్నాడు. అందుకే మామ తోడు, అందుకే లవంగాలు.

బూట్లు చేత పట్టుకుని, తడి ఎర్రమట్టిలో నడిచి స్టేషను చేరడానికి యాభై నిమిషాలు పట్టింది. మూడో తరగతి పెట్టెలో ఇంజనుకు వీపు పెట్టి కూర్చున్నాం. ఎదురుగా కూర్చున్నవాడికి నిప్పురవ్వలు కళ్ళల్లో పడతాయి. ఆట చూడడానికి వెళ్ళేవాడు చెల్లించేది టిక్కెట్టు ఒక్కటే కాదు. నా తెల్లచొక్కాలు మూడింటికి రవ్వలు చేసిన చిల్లులు ఉండేవి. మామకు ప్రతి ఆట తరువాతా జలుబు చేసేది. సెలవురోజున విశ్రాంతి తీసుకోవలసిన ఒళ్ళు పొగలోనూ చినుకులోనూ నానేది. అయినా పెట్టె నిండా మావాళ్ళే. గంట కొట్టకముందే పాటలు మొదలయ్యాయి. మామ ఒక్కడే నోరు మూసుకుని కూర్చున్నాడు.

బండి తోలే పెద్దాయన ఒకడు వంగి ఆయన మొహంలోకి చూశాడు. "ఏటి బాబూ, ఇయ్యాల మౌనవ్రతమా? పెళ్ళాం నోరు కుట్టీసిందా?"

"పెళ్ళాం కాదు, అప్ప" అన్నాను నేను.

"ఆయమ్మైతే గట్టిగానే కుట్టుంటది" అని ఆయన కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. పెట్టె మొత్తం నవ్వింది. మామ కూడా నవ్వాడు, పెదవులు విప్పకుండా.

పట్నం వీధులు దాటి మైదానం అంచుకు రాగానే నేను ఆగిపోయాను. మూడువైపులా కొండలు, ఒక గుట్టమీద నల్లరాతి కోట, మధ్యలో అంత పచ్చిక. మా ఊళ్ళో పచ్చదనమంటే చెరకు. మనిషికంటే ఎత్తుగా నిలిచి చూపును అడ్డుకుంటుంది. ఇక్కడి పచ్చదనం పరుచుకుని చూపును పోనిచ్చింది. ఎడమకన్ను మూశాను. కుడికంటికి అవతలి అంచున గొడుగు పట్టుకున్న మనిషి కనబడ్డాడు, గొడుగు కర్రతో సహా. పచ్చికమీద తెల్లని గీతలు తిన్నగా సాగి మూలల దగ్గర లంబంగా కలుస్తున్నాయి. సున్నంతో గీసినవి. నా కంటిని కాల్చిన పదార్థమే అక్కడ అంత చక్కని రేఖాగణితం అయింది. మామ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన మరొక లవంగం బుగ్గన పెట్టుకున్నాడు.

నావికులు బూట్లతో దిగారు. మావాళ్ళలో ఏడుగురికి బూట్లు లేవు. తడి పచ్చికమీద ఆ ఉత్తపాదాలు చేసిన పని ఇన్నేళ్ళకూ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అవతలి మూలన తంతే కాలు తగలడం ముందు కనబడేది, చప్పుడు ఆ తరువాత వచ్చేది. ఆ వ్యవధి సెకనులో మూడోవంతు. శబ్దవేగం గురించి పుస్తకంలో చదివాను. అది నా కళ్ళముందు, నా చెవుల దగ్గర జరగడం మాత్రం అదే మొదలు. బంతి పైకి లేచినప్పుడు జేబుగడియారం చూసి లెక్కపెట్టాను. ఒకసారి నాలుగు సెకన్లు గాలిలో ఉంది. సుమారు అరవై అడుగుల ఎత్తు. మిల్లు పొగగొట్టంలో సగానికి మించి! దాన్ని ఒక మనిషి కాలు పంపింది, మరొక మనిషి ఛాతీ దించింది.

నావికులు ఒక గోలు కొట్టారు. మామ రెండో లవంగం కొరికాడు. చివరి పది నిమిషాల్లో, మాకు ఎదురుగా ఉన్న అవతలి అంచు వెంట మా ఎడమవైపు ఆటగాడు బంతిని తీసుకుని పరుగెత్తాడు. మా మిల్లులో యంత్రాలు బాగుచేసే ఫిట్టరు అతడు. ఇద్దరిని తప్పించాడు. మూడోవాడు కింద పడ్డాడు. ఫిట్టరు తన్నిన బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోయింది, వల ఉబ్బింది.

మామ నావైపు తిరిగి కళ్ళతో అడిగాడు. నా కంటి మీద ఆయనకు అంత నమ్మకం.

"పడింది మావా! పడింది!"

లవంగాలు ముందు వచ్చాయి. వాటి వెనకే "గోవిందా!" వచ్చింది.

అది అరుపు కాదు. భజన మొదలుపెట్టేటప్పుడు ఆయన ఎత్తుకునే పిలుపు అది, ఛాతీలో పుట్టి నుదుటిదాకా లేచి అక్కడ నిలిచేది. మైదానం ఒక్కసారిగా మూగబోయింది. ఆటగాళ్ళు ఆగారు. రెండు సెకన్లు దాటాక కోట ఉన్న గుట్ట అదే పిలుపును తిరిగి పంపింది, కాస్త పలచబడి, మరింత గంభీరంగా. అంటే ఆ గొంతు గుట్టదాకా వెళ్ళి తిరిగి వచ్చింది, ఏడు వందల మీటర్లకు పైగా. తరువాత మా రైలు దిగిన మూడు వందలమందీ, ఇది పందెమన్న సంగతి మరిచిపోయి, అలవాటైన చోట అలవాటైన జవాబు ఇచ్చారు: "గోవింద!" మాతో నిలబడ్డ భోజ్‌పురీవాళ్ళూ క్రియోల్‌వాళ్ళూ రెండోసారికి అందుకున్నారు. గుట్ట మళ్ళీ పలికింది.

నావికుల గోలుకీపరు అంతా వినిపించేదాకా ఆగి, తలమీది టోపీ తీసి మామవైపు వంగి నమస్కరించాడు. ఆ తరువాత వల బయటికి నడిచి, అక్కడ పడి ఉన్న బంతిని తీసుకున్నాడు.

బంతి గోలులో పడలేదు. అవతలి పక్కవలను బయటినుంచి తగిలింది. మేము రెండు వలల గుండా చూశాం కనుక లోపల ఉన్నట్టు కనిపించింది. ఉష్ణమాపకంలో పాదరసాన్ని వాలుగా చూసి చదివితే తప్పు అంకె వస్తుందని కొత్తవాళ్ళకు నేర్పేది నేనే. ఆట ఒక గోలు తేడాతో పోయింది.

మామ ఏదో అనబోయాడు. గాలి మాత్రమే వచ్చింది.

తిరుగు రైలెక్కాం. రెండు భయాలు నన్ను తినేశాయి. ఒకటి ఆయన గొంతు గురించి. రెండోది, తప్పు నిజంగా వాలుచూపుదేనా, లేక నా కంటిదా అని. ఫిట్టరు మా పెట్టెలోనే ఎక్కాడు, మోకాలికి గుడ్డ కట్టుకుని. నేరుగా అతడినే అడిగాను.

"బయటికి పోయిందని నీకు తెలుసా?"

"నా కాలు దాటినప్పుడే తెలుసన్నా. కానీ ఆ పిలుపు ఇన్నాక నేనూ వలలోకి తొంగి సూసినాను. ఏమో, పడిందేమోనని!"

బండి తోలే పెద్దాయన తోడయ్యాడు. "మా వరస మొత్తం లెగిసి గెంతినాం కదా. మూడు వందల జతల కళ్ళు. నీ ఒక్కడి కన్నేటి సేస్తది?" అన్నాడు. ఆ మాటతో కంటి భయం తగ్గింది.

గొంతు సంగతికి వస్తే, మా అమ్మ వాకిట్లోనే ఎదురైంది. మామ మెడకు చుట్టుకున్న తువ్వాలు చూసింది, ఒక్క ప్రశ్న వేసింది.

"గెలిసినారా?"

మామ తల అడ్డంగా ఊపాడు.

"బొంజే!" అంది అమ్మ దీవి భాష క్రియోల్‌లో దేవుణ్ణి తలచుకుని. "ఓడిపోయినదానికా ఊడగొట్టుకున్నావు?"

తప్పు నాదని చెప్పాను. వలల సంగతి వివరించాను, నేలమీద బొగ్గుతో గీసి చూపించాను. ఆమె ఆ బొమ్మను చివరిదాకా చూసింది. లోపలికి వెళ్ళి అల్లం దంచసాగింది. రోకలి చప్పుడు మామూలుకంటే గట్టిగా వినిపించింది.

మర్నాడంతా మిరియాల కషాయం, తేనె, వేడినీళ్ళ ఆవిరి. సాయంత్రానికి మామకు వచ్చింది గుసగుస మాత్రమే. ముంగిట్లో ఇత్తడి దీపస్తంభం నిలబెట్టారు. అయిదు ఒత్తులు వెలిగించారు. తాళాలతో, మద్దెలతో నలభైమంది చుట్టూ నిలిచారు. పెద్దవాడొకడు అమ్మ దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు: "వేరేవోళ్ళు ఎత్తుకుంటారమ్మా. దేవుడేటనుకోడు."

"నేను మొక్కింది ఈడి గొంతు. ఎంతుంటే అంతే పాడతాడు" అంది అమ్మ. తరువాత అందరికీ వినపడేలా చెప్పింది: "గురువుకన్నా గట్టిగా ఎవుడైనా అందుకున్నాడో, పళ్ళు రాలగొడతాను."

మామ "గోవిందా" అన్నాడు. నాలుగు అడుగుల అవతల ఉన్న నాకే అది అతికష్టంగా వినబడింది. నలభైమంది దానికంటే తక్కువ స్వరంతో జవాబిచ్చారు. తాళాలు కొట్టలేదు, అంచులు మాత్రం తాకించారు. మద్దెల వాయించేవాడు వేళ్ళ కొసలతో తట్టాడు. చరణం వినాలంటే ఊపిరి బిగబట్టవలసి వచ్చింది కనుక వలయం నెమ్మదిగా కదిలింది. నేలమీద పాదాల రాపిడి వినిపించింది. ఒత్తి చిటపటలాడడం వినిపించింది. పసిపిల్లలు సైతం కదలకుండా కూర్చున్నారు. రోడ్డున పోయే బండి ఒకటి ఆగింది. ఆ బండివాడికి ఏమీ వినబడి ఉండదు. అంతమంది కలిసి అంత నిశ్శబ్దంగా ఏం చేస్తున్నారో చూడడానికే ఆగాడు.

మామూలు భజనల్లో గెంతులకు పుట్టే గాలికి దీపాలు పక్కలకు వంగిపోతాయి. ఆరిపోతే మళ్ళీ వెలిగించడానికి ఒక మనిషిని పక్కన ఉంచుతారు. ఆ రోజు అయిదు జ్వాలలూ నిట్టనిలువుగా, సూది మొనల్లా నిలబడ్డాయి. నేను ఎడమకన్ను మూశాను. కుడికంటితో ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ప్రతిదాని అడుగున నీలం, ఆపైన చీకటి ముద్ద, దాని చుట్టూ పసుపు. మూడింటి సరిహద్దులూ విడివిడిగా తెలిశాయి. పరికరంలో రెండు సగాలు సమానమయ్యే క్షణాన్ని కూడా నేనెప్పుడూ అంత స్పష్టంగా చూడలేదు.

పన్నెండో కీర్తన ముగిసేసరికి మామ పెదవులు మాత్రమే కదులుతున్నాయి. అయినా నలభైమంది ఆ పెదవులు చూసి సరిగ్గా అందుకున్నారు, ఒక్క అక్షరం జారకుండా.

అందరూ అమ్మవైపు చూశారు. ఆమె దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుని, మొహాన్ని దీపంవైపు తిప్పి, నా కుడికంట్లోకి చాలాసేపు చూసింది. తరువాత పీట వేసుకుని ఎక్కి వాసం మీది ముడుపును అందుకుంది. నెలల తరబడి పొగకు ముడి బిగుసుకుపోయింది, వేళ్ళకు లొంగలేదు. ఆమె దాన్ని పళ్ళతో పట్టుకుని విప్పింది.