లీలావతి టీచర్ రిహార్సళ్లు

లీలావతి టీచర్ ఏ పనీ నేరుగా చేయదు. ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేస్తుంది, ఆ తర్వాతే అసలు పని. నగరికి కొంచెం అవతల, తమిళనాడు సరిహద్దుకు కొంచెం ఇవతల ఉన్న ఒక చిన్న ఊరి హైస్కూల్లో ఆవిడ సోషల్ చెబుతుంది. ఊళ్ళో మాత్రం అందరికీ ఆవిడ రిహార్సల్ టీచర్. కుటుంబంతో తిరుమల వెళ్ళాలన్నా సరే, ముందురోజు సాయంత్రం భర్తనూ ఇద్దరు పిల్లల్నీ హాలు నుంచి వంటింటిదాకా క్యూలో నిలబెట్టి, "జరగండి, జరగండి" అని వెనక నుంచి తోసి, చివర్లో తలా చెంచాడు చక్కెర పొంగలి చేతిలో పెట్టేదట. కొండమీద క్యూ కన్నా ఇంట్లో క్యూనే నిదానంగా కదులుతుందని ఆ భర్త ఎక్కడపడితే అక్కడ చెప్పుకునేవాడు.

పలమనేరు నుంచి హెడ్మాస్టరుగా బదిలీ అయి వచ్చిన హరినాథ్‌కు ఈ సంగతులేవీ తెలియవు. చల్లటి ఊరు వదిలి ఈ ఎండల్లోకి వచ్చానన్న దిగులు తప్ప ఆయన మనసులో ఇంకేమీ లేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు గేటు దగ్గర స్కూటర్ దిగేసరికి పిల్లలు రెండు వరుసల్లో నిలబడి స్వాగతం పాట ఎత్తుకున్నారు. హరినాథ్ దిగులు సగం తగ్గింది. పాట సగంలో ఉండగా, పట్టుచీర కట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తి ఆపేసింది.

"సార్, మీరు ఎడమ పక్క నుంచి వస్తా ఉండారు. నిన్న కుడి పక్క నుంచి కదా వచ్చినారు?"

"నిన్న నేను పలమనేరులో ఉండానమ్మా!"

"మీరు కాదులెండి సార్. మీ బదులు మా కుప్పయ్య వచ్చినాడు. చానా బాగా వచ్చినాడు."

పక్కనే ఉన్న అటెండరు కుప్పయ్య, మెచ్చుకోలు తనకు కొత్తేమీ కాదన్నట్టు తల వంచాడు. హరినాథ్ మళ్ళీ గేటు బయటికి వెళ్ళి, కుడి పక్క నుంచి రావలసి వచ్చింది. అయినా ఆవిడకు తృప్తి కలగలేదు. "కుప్పయ్య నవ్వుతా వచ్చినాడు" అంది.

ఆ బడిలో పెద్దమనుషుల వేషాలన్నీ కుప్పయ్యవే. అతను చేయని పదవి లేదు. ఎవరైనా అధికారి వస్తున్నాడంటే చాలు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని, ఇంకా కుర్చీ వేయకముందే కూర్చోవడానికి సిద్ధంగా ఉండేవాడు.

ఆగస్టు పదిహేనుకు ముందు వారమంతా లీలావతి జెండా రిహార్సల్ వేయించింది. కుప్పయ్య రోజూ తాడు లాగాడు, రోజూ మెడలో దండ వేయించుకున్నాడు, రోజూ మాట్లాడాడు. అసలు రోజు ముఖ్య అతిథిగా మండలంలో పేరున్న ఒక పెద్దాయన తెల్ల చొక్కాలో వేదిక మీద నిలబడ్డాడు. దండ పట్టుకున్న ఏడో తరగతి పిల్ల గంభీరంగా నడుచుకుంటూ వచ్చి, ఆయన్ను దాటుకుని, బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని మూలన నిలబడ్డ కుప్పయ్య మెడలో దండ వేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. కుప్పయ్య కూడా అలవాటు చొప్పున పళ్ళెం కింద పెట్టి, చేతులు జోడించి, "ప్రియమైన బాలబాలికల్లారా!" అని మొదలుపెట్టేశాడు.

ఆ పెద్దాయన బిస్కెట్ కూడా ముట్టకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

"ఏందమ్మా ఇది?" అని హరినాథ్ తల పట్టుకున్నాడు.

"పిల్ల తప్పు లేదు సార్. ఆయన ఒక్క రిహార్సల్‌కన్నా వచ్చుంటే గుర్తుపట్టుండేది" అంది లీలావతి.

సెప్టెంబరులో తనిఖీ వచ్చింది. అధికారి ఏమేమి అడుగుతాడో కుప్పయ్య చేత అడిగించి, పిల్లలకు జవాబులు నేర్పించింది లీలావతి. అసలు అధికారి ఎనిమిదో తరగతిలోకి వచ్చి, ముందు బెంచీ పిల్లాణ్ణి నవ్వుతూ, "నీ పేరేమి బాబూ?" అన్నాడు.

"సార్, అది మూడో ప్రశ్న" అన్నాడు వాడు మర్యాదగా.

డిసెంబరులో తడ దగ్గరికి పక్షుల్ని చూడ్డానికి విహారయాత్ర అనుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం హరినాథ్ వరండాలో నడుస్తుంటే ఏడో తరగతి గదిలోంచి హారన్ మోత వినిపించింది. తొంగి చూశాడు. బెంచీలన్నీ బస్సు సీట్లలాగా రెండు వరుసలుగా వేసి ఉన్నాయి. ముందు స్టూలు మీద డ్రిల్లు మాస్టరు నాయబ్ రసూల్ కూర్చుని, సైకిల్ టైరు తిప్పుతూ, నోటితో హారన్ కొడుతున్నాడు.

"మలుపు వస్తా ఉండాది! అందరూ ఎడమకు వాలండి!" అని లీలావతి కేక పెట్టింది. గదంతా ఎడమకు వాలింది. వెనక బెంచీలో ఉబేద్ అనే పిల్లాడు బకెట్టులో తల పెట్టి వాంతి చేసుకుంటున్నాడు.

"వాడికి ఏమైంది?" అని కంగారుపడ్డాడు హరినాథ్.

"వానికి బస్సు పడదు సార్."

"ఏ బస్సు?"

నాయబ్ రసూల్ గేరు మార్చాడు.

మర్నాడు అసలు బస్సులో, సత్యవేడు దాటాక, మలుపుల్లో ఒకే ఒక్కరు వాంతి చేసుకున్నారు. అది హరినాథ్. ఉబేద్ లేచి వచ్చి ఆయనకు ప్లాస్టిక్ కవరు అందించి, వీపు నిమురుతూ, "మీరు నిన్న రాలేదు కదా సార్, అందుకే" అని ఓదార్చాడు.

ఆ కవరు చేతిలో పట్టుకునే హరినాథ్ ఒక నిర్ణయానికి వచ్చాడు.

సంక్రాంతి సెలవులు అయిపోగానే స్టాఫ్ మీటింగ్ పెట్టాడు. "వచ్చే నెల్లో స్కూలు వార్షికోత్సవం. చీఫ్ గెస్టుకు బుధవారమే తీరికంట. పదిన్నరకు మొదలు. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికి వచ్చినాయి. కాబట్టి పిల్లలు ఆటల పీరియడ్‌లో పాటలు, డ్యాన్సులు నేర్చుకుంటే చాలు. పందిరేసి, మైకు పెట్టి, కుప్పయ్యకు దండలేసే కతలు ఇంక వద్దు. పనిదినాల్లో రిహార్సల్ అనే మాటే నాకు వినబడకూడదు."

కుప్పయ్య తలుపు దగ్గర టీ గ్లాసులతో నిలబడిపోయాడు. ఉద్యోగం పోయినవాడి మొహం పెట్టాడు.

లీలావతి లేచింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి నెమ్మదిగా అడిగింది. "సార్, మిగతావన్నీ మానేస్తాను. ఈ ఒక్కటి వేసుకోనీండి."

"ఈ ఒక్కటి ఏమి ప్రత్యేకం?"

"అది కాదు సార్, వార్షికోత్సవం అంటే..."

హరినాథ్ చెయ్యెత్తి ఆపేశాడు. జూన్‌లో తన స్వాగతం పాటను ఆవిడ ఆపింది సరిగ్గా ఇలాగే. ఆ సంగతి తలచుకుని ఆయన లోపల కొంచెం సంతోషించాడు కూడా.

"పనిదినాల్లోనే కదా సార్ వద్దన్నారు?" అంది లీలావతి.

"అవును."

"సరే సార్" అని కూర్చుంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

వార్షికోత్సవం ఇంకా మూడు రోజులుందనగా, ఆదివారం పొద్దున పుత్తూరులో అద్దె ఇంట్లో కూర్చుని దోసె తింటున్న హరినాథ్‌కు ఫోన్ వచ్చింది. టెంటు హౌసు మనిషి.

"సార్, మీ ఇస్కూలు కాడ కుర్చీలు సాలలేదు. ఇంకో బండి తెమ్మంటారా?"

"ఏ కుర్చీలు? ప్రోగ్రాం బుధవారం కదప్పా!"

"నాకేం తెలుసు సార్. ఈడ జనాలు నిలబడుకోని ఉండారు."

దోసె సగంలో వదిలేసి హరినాథ్ స్కూటర్ ఎక్కాడు. దారిపొడవునా లీలావతిని ఏ మాటలతో నిలదీయాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో పైకే అనుకుంటూ వచ్చాడు.

బడి మైదానం కిటకిటలాడుతోంది. పందిరి, రంగుకాగితాలు, మైకు, వేదిక. మగవాళ్ళు ఉతికిన చొక్కాల్లో, ఆడవాళ్ళు పూలు పెట్టుకుని, చంకల్లో చంటిపిల్లలతో వచ్చారు. వేదిక మీద పెద్ద కుర్చీలో కుప్పయ్య, మెడలో నిజమైన చామంతి దండ. పక్కన నాయబ్ రసూల్ మైకు పట్టుకుని ఉన్నాడు. హరినాథ్ వెనక వరుస దగ్గర నిలబడి కళ్ళు నులుముకున్నాడు.

"యాలన్నా అడ్డం నిలబడినావు? ఈడ కూర్సో" అని ఒకామె చాపలో చోటు చూపించింది. పేరు నాగరత్నమ్మట. తన కూతురు పల్లవి తొమ్మిదో తరగతి అని అడక్కుండానే చెప్పింది. "నువ్వు ఎవురి నాయన?"

హరినాథ్ మాట మారుస్తూ కూర్చున్నాడు. "అవునమ్మా, వార్షికోత్సవం బుధవారం కదా?"

"బుధవారం మాకు యాడ కుదురుతాది? ఈ సుట్టుపక్కలంతా మరమగ్గాల పనోళ్ళమే. ఆదివారమైనా మగ్గం ఆడాల్సిందే. నెలకొకసారి అమావాస్యకే ఆపుతారు. పిల్లోళ్ళు ఆడినా, పాడినా, వాళ్ళు ఇంటికొచ్చి సెప్తే వినడమే, మేము సూసింది లేదు. ఈ టీచరమ్మ వచ్చినాక అమావాస్య సూసుకోని పెడతా ఉండాది. ఈ తూరి అమావాస్య ఆదివారం పడింది."

"మరి బుధవారం జరిగేది?"

"అదా?" అని ఆమె తేలిగ్గా చెయ్యి ఊపింది. "అది రిహార్సలంట కదన్నా, ఆపీసర్లకి సూపించేదానికి. అసలుది ఇదే. మా పల్లవి సెప్పింది."

దారంతా కూర్చుకొచ్చిన మాటల్లో హరినాథ్‌కు మొదటిదే గుర్తుకు రాలేదు.

అంతలో నాయబ్ రసూల్, "ఇప్పుడు మన గౌరవనీయులైన హెడ్మాస్టర్ గారు మాట్లాడతారు" అన్నాడు. హరినాథ్ ఉలిక్కిపడి లేవబోయాడు. ఈలోగా వేదిక మీదికి మధ్యాహ్న భోజనం వండే నాగులమ్మ వచ్చింది. చీర మీద కోటు, ముక్కు చివర కళ్ళద్దాలు. మైకు ముందు నిలబడి రెండుసార్లు దగ్గి, పైజేబు తడుముకుని, పెన్ను ఉందని తెలుసుకుని, వేలు పైకెత్తి, "క్రమశిక్షణ!" అంది. కాసేపాగి, ఇంకొంచెం గట్టిగా, "క్రమశిక్షణ!" అంది. జనం పగలబడి నవ్వారు. హరినాథ్ చెయ్యి అప్పటికే పైజేబు మీద ఉంది. చటుక్కున తీసేశాడు.

అప్పుడే కుప్పయ్య ఆయన్ను చూశాడు. దండతో సహా లేచి నిలబడ్డాడు. నాగులమ్మ కళ్ళద్దాలు తీసేసింది. తెర పక్క నుంచి బయటికి వచ్చిన లీలావతి మొహం పాలిపోయింది. మైదానం మొత్తం వెనక్కి తిరిగింది.

హరినాథ్ చాప మీది నుంచి లేచి, దులుపుకుని, మెల్లగా వేదిక దగ్గరికి నడిచాడు. "సార్, ఈరోజు పనిదినం కాదు కదా..." అని లీలావతి ఏదో అనబోయింది. ఆయన ఆవిణ్ణి దాటి మెట్లెక్కి, కుప్పయ్య ముందు నిలబడి నమస్కారం పెట్టాడు.

"కూర్చోండి సార్. చీఫ్ గెస్టు లేవకూడదు."

కుప్పయ్య కూర్చోలేదు, కూలబడ్డాడు.

"నాగులమ్మా, నువ్వు కానీ. నాకన్నా నువ్వే బాగా మాట్లాడతా ఉండావు" అని హరినాథ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. నాగులమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. ఈసారి ముందుకన్నా రెచ్చిపోయింది.

పాటలయ్యాయి, డ్యాన్సులయ్యాయి. తర్వాత బహుమతులు. బడిలో ఉన్నది ఒకే ఒక్క షీల్డు. అయినా ప్రతి పిల్ల పేరూ, ప్రతి పిల్లాడి పేరూ పిలిచారు. వచ్చినవాళ్ళు కుప్పయ్య చేతుల మీదుగా షీల్డు అందుకుని, కింద ఉన్న తల్లిదండ్రుల ఫోన్ల వైపు చూసి నవ్వి, అవతల మెట్లు దిగి షీల్డు తిరిగి ఇచ్చేస్తున్నారు. దాన్ని పట్టుకుని వేదిక వెనక నుంచి మళ్ళీ కుప్పయ్య దగ్గరికి పరిగెత్తడానికి ఒక మనిషి కావాలి. కాసేపటికి చూస్తే ఆ మనిషి హరినాథ్.

"సార్, మీరు కూర్చోండి, నేను తెస్తాను" అని నాయబ్ రసూల్ అడ్డం వచ్చాడు.

"జరగవయ్యా! తర్వాతి పిల్ల వచ్చేసింది" అని ఆయన చొక్కా చెమటతో తడిసినా పరిగెత్తాడు.

పల్లవి వంతు వచ్చినప్పుడు నాగరత్నమ్మ వేదిక దగ్గరికి వచ్చి, హెడ్మాస్టరని ఇప్పుడు తెలిసినా మొహమాటపడకుండా, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "సార్, నేను నా బిడ్డను కండ్లారా సూసుకుంటా. మీరే ఒక పోటో తియ్యండి."

హరినాథ్ ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, ఫోటో తీశాడు. నాగరత్నమ్మ చూసింది. కుప్పయ్య ఉన్నాడు, దండ ఉంది, షీల్డు ఉంది. పల్లవికి మాత్రం మెడ పైన ఏమీ లేదు.

"సార్! నా బిడ్డ తల యాడ?"

లీలావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హరినాథ్ ఆవిడ వైపు కోపంగా తిరిగాడు.

"నవ్వుతావేందమ్మా? తప్పంతా నీదే. నాకు రిహార్సల్ ఎవరు వేయించినారు?"