నిదియా జారిన వాలు

నిదియా ఒకాంపోకి ఆన్‌లైన్‌లో కలిసి పనిచేయడమంటే ఒళ్లుమంట. కొండల మీది ఊరు మనిసాలెస్‌లో ల్యాండ్‌స్కేప్ డిజైన్ చదువుతున్న ఆ పిల్లకి ఈసారి జోడీగా పడ్డవాడు పెరూలోని ఇకితోస్ కుర్రాడు ఎవారిస్తో. నది ఒడ్డున పెరిగి, కొండ మొహం చూడనివాడు. ఇద్దరూ కలిసి గీయాల్సింది నిదియా వాళ్ల ఇంటి వెనక ఏటవాలులో ఓ చిన్న పార్కు.

మొదటిరోజే ఎవారిస్తో ఆ వాలు నడుమ చెరువు గీశాడు. నిదియా చెరిపేసింది. కాఫీ కలుపుకుని వచ్చేసరికి చెరువు మళ్లీ ఉంది, ఈసారి పడవతో సహా.

వెంటనే ఫోన్ చేసింది. "అక్కడ నీళ్లు నిలవాలంటే మేకులు కొట్టాలి బాబూ."

"నేల అంత నిటారుగా ఎక్కడుంటుంది? కోతలు కొయ్యకు."

"ఉండు, చూపిస్తా."

వీడియో పెట్టి, ఫోను ముందుకు చాపి, పెరట్లోంచి దిగడం మొదలుపెట్టింది. పొద్దుటి వానకి నేలంతా బురద. మూడో అడుగుకే కాలు జారింది. కూలబడ్డ మనిషి కూలబడ్డట్టే సర్రున కిందికి పోయింది. ఆకాశం, అరటాకులు, తన మోకాలు, మళ్లీ ఆకాశం అన్నీ ఎవారిస్తో తెరమీద గిర్రున తిరిగాయి. చివరికి నిదియా కింది వీధిలో అరెపాలనే మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మే పెద్దావిడ దోన్యా ఓఫిర్ పొయ్యి దగ్గర ఆగింది.

"రోడ్డుమీంచి రావచ్చుగా అమ్మాయ్," అంది ఓఫిర్, అరెపా తిరగేస్తూ.

దెబ్బ తగిలిందా అని అడగబోయిన ప్రతిసారీ ఎవారిస్తోకి నవ్వు ముంచుకొచ్చింది. తిడదామని నోరు తెరిచిన నిదియాకీ నవ్వే వచ్చింది.

"చెరువు వద్దులే. జారుడుబల్ల గీద్దాం," అన్నాడు ఊపిరి తీసుకుని. "నువ్వు జారిన దారిలోనే."

"పెద్దవాళ్లకి కూడా సరిపోయేలా గీయండి," అంది ఓఫిర్. "దిగడమంటే నా మోకాళ్లు ఏడుస్తాయి. ఎక్కడానికి మెట్లు కూడా వెయ్యండి."

జారుడుబల్ల ఎవారిస్తో, మెట్లు నిదియా గీశారు. ఒకరి గీత ఒకరు చెరపలేదు.

ఆఖరి రోజున టీచరు బొమ్మ చూసి, "ఈ వంపు ఎక్కడ పట్టారు?" అని అడిగింది.

"నా వీపుకి తెలుసు మేడమ్," అంది నిదియా.

తర్వాత అందరికీ అభిప్రాయాల ఫారం ఇచ్చారు. దూరాన ఉన్నవాళ్లతో పనిచేయడం ఎలా ఉంది? నిదియా రాసింది: "పక్కనుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. అప్పుడీ పార్కు పుట్టేది కాదు."

"నువ్వేం రాశావు?" అని ఎవారిస్తోని అడిగింది.

"నెట్ బాగాలేదని రాశా. నువ్వు జారుతుంటే మధ్యలో రెండు సెకన్లు బొమ్మ ఆగిపోయింది. అంత మంచి ముక్క చూడలేకపోయా."