గంగ కట్టుకోనన్న నీబోర్డు

ముంచింగిపుట్టు సంతకి జీపు నిండా మనుషుల్నేసుకుని బయల్దేరాడు బుధు. ఆ పొద్దున్నే చెల్లెలు గంగ, పక్కన గురువు లేకుండా మొదటిసారి విమానం ఎగరేసి దించింది. దించగానే ఫోటో పంపింది. బుధు దాన్ని ముందు సీటు వాళ్లకి చూపించాడు, వెనక వేలాడుతున్న వాళ్లకీ చూపించాడు.

"మా గుంట సూడండి, ఎలాగుందో!"

తర్వాత ఫోను తొడ మీద పెట్టుకుని, ఇంకోసారి చూసుకుందామని తల దించాడు. ఎత్తేసరికి ఘాటీ రోడ్డు మలుపు మీదకొచ్చేసింది. జీపు మిరియాల తోటలోకి దొర్లిపోయింది. ఎక్కినవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. బుధు బతకలేదు.

తప్పు నీదని గంగతో ఎవరూ అనలేదు. దినాలయ్యాక ఆమె కొండ కింద మైదాన ప్రాంతంలో ఉన్న విమాన శిక్షణ బడికి తిరిగెళ్లింది.

అక్కడ పైలట్లు తొడకి పట్టీతో ఓ చిన్న అట్ట కట్టుకుంటారు. నీబోర్డు, అంటే మోకాలి అట్ట, అంటారు దాన్ని. రేడియో నంబర్లు, ఎగరాల్సిన ఎత్తులు, దారి, అన్నీ ఆ అట్టకే క్లిప్పుతో పెట్టుకుంటారు. గంగ అది కట్టుకోవడం మానేసింది.

"బోర్డేదమ్మా?" అనడిగాడు గురువు దేవీప్రసాద్.

"వద్దు సార్. అంతా బట్టీ పట్టేసాను."

"పైన కొత్త మాట చెప్తే ఎక్కడ రాసుకుంటావు?"

"తల దించితే సచ్చిపోతారు సార్."

సంగతి తెలిసినవాడు కనక ఆయన ఆ రోజుకి సరేనని పక్క సీట్లో కూర్చున్నాడు.

కాసేపు బాగానే ఎగిరింది. ఇంతలో కింద నుంచి టవర్ వాళ్లు రేడియోలో ఎత్తు మార్చమన్నారు, కొత్త నంబరూ ఇచ్చారు. గంగ మర్చిపోయి మళ్లీ అడిగింది. మళ్లీ మర్చిపోయింది. సీటు పక్కనున్న సంచిలో పెన్ను కోసం వంగి వెతికింది. తలెత్తేసరికి రెక్క ఒరిగిపోయి, విమానం ముక్కు నేలవైపు తిరిగి ఉంది. దేవీప్రసాద్ విమానం అదుపు చటుక్కున తన చేతిలోకి తీసుకుని నిలబెట్టాడు.

దిగాక ఆయన కేకలెయ్యలేదు.

"నీ భయం అబద్ధం కాదమ్మా. దిగేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు ఆ బోర్డు వైపు చూడనే కూడదు. కానీ తిన్నగా పోతున్నప్పుడు ఓ చూపు చూసి తలెత్తేస్తాం. సంచిలో దేవులాడుకోవడం కన్నా అదే మేలు."

"మా అన్న కూడా ఓ చూపే సూసాడు సార్."

దేవీప్రసాద్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

సంచి కోసం వంగినప్పుడే విమానం ఒరిగిందని తెలుసు కనక గంగ మర్నాడు బోర్డు కట్టుకుంది. తిన్నగా పోతున్నప్పుడే ఓ చూపు చూసి తలెత్తేసేది. చూపు కిందికి పోయిన ప్రతిసారీ అన్న గుర్తొచ్చేవాడు. అయినా ఎగిరింది. పరీక్ష నెగ్గి లైసెన్సు తెచ్చుకుంది. ఎవరితోనూ సంబరంగా చెప్పుకోలేదు.

ఇంటికొచ్చేసరికి తల్లి అచ్చియమ్మ తమ తోటలో కాఫీ పళ్లు కోస్తోంది. గంగ కూడా పక్కన చేరి కోయసాగింది.

"ఇంక ఎగరడం మానీయే. ఒకడ్ని ఘాటీ తినేసింది," అంది అచ్చియమ్మ.

గంగ కొమ్మ వంచి పట్టుకుంది. తల్లి ఆ కొమ్మకున్న పళ్లన్నీ దూసి బుట్టలో వేసింది.

"పైనున్నప్పుడు ఏడుపొస్తాదేటే?" అనడిగింది.

"రాదమ్మా. దిగాకే వస్తాది."

అచ్చియమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. అప్పటిదాకా కూతురి ముందు కన్నీరు పెట్టని మనిషి, ఆ తోటలోనే కూలబడి కొడుకు పేరెత్తి ఏడ్చింది. గంగ ఆమెని ఒళ్లోకి తీసుకుంది.