మొండత్త చూపించిన పొలం

ఆ పొలంలో పదకొండేళ్లుగా నడుం విరగ్గొట్టుకునేది కౌలుదారు మొండత్త. రైతు సాయం పేరుతో సర్కారిచ్చే సొమ్ము మింగేది మాత్రం పొలం ఆసామి, పట్నంలో పళ్ల డాక్టరు. కౌలు కాగితం మీద ఆయన ఒక్క సంతకం పెడితే ఆ సాయం ఆమెకొస్తుంది. మూడేళ్లుగా “చూద్దాంలే” అంటున్నాడు.

ఈసారి సొమ్ము కావాలంటే ఆసామి తన పొలంలో నిలబడి ఫొటో దిగాలని అధికారి గట్టు మీద కాచుక్కూర్చున్నాడు. డాక్టరు కారు దిగి, పైరులోకి నాలుగడుగులు వేసి, దిక్కులు చూశాడు.

“అత్తా, మన పొలం ఏది?” అన్నాడు గుసగుసగా.

“అయ్యో, ఆఫీసరుగారిని అడగనా?” అంటూ మొండత్త కొంగుముడి విప్పి కాగితం తీసింది. “ముందు ఇక్కడో సంతకం గీకండి బాబూ, చూపిస్తా.”

చెమట తుడుచుకుంటూ గీకాడు. ఆమె ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

“మీరు తొక్కుతున్నదే బాబూ. కాస్త పక్కకు జరగండి, మొక్కలు చస్తున్నాయి.”