విమలమ్మ పేరెంట్స్ మీటింగ్

విమలమ్మ ముప్పై ఏళ్లు రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి, రిటైరయ్యాక దూరవిద్యలో కౌన్సెలింగ్ డిప్లొమా చేసింది. ఎందుకు చేసిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఇంట్లోవాళ్లు తన మాట వినడం ఎప్పుడో మానేశారు కాబట్టి బయటివాళ్లను వెతుక్కుందని మనవళ్ల అనుమానం. మెట్టుగూడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ లేపించి, రెండు కుర్చీలూ ఒక దివానూ వేయించింది. గుమ్మానికి బోర్డు కొట్టించింది. మనసు బాగోలేనివాళ్లు నిజంగానే రావడం మొదలుపెట్టారు. సికింద్రాబాద్‌లో మనసు బాగున్నవాళ్లు తక్కువ, పార్కింగ్ ఉన్న కౌన్సెలర్లు ఇంకా తక్కువ.

కౌన్సెలర్ అయితే అయింది గానీ టీచర్ మాత్రం ఆమెను వదల్లేదు. ఏడుస్తూ వచ్చినవాళ్లను కూడా "సీదా కూసో, నోట్లకెళ్లి చెయ్యి తియ్యి" అనేది. అన్నిటికన్నా పెద్ద పద్ధతి ఇంకోటుంది. మూడో సిట్టింగ్ అయ్యాక తల్లిదండ్రుల్ని పిలిపించేది. వచ్చినవాడికి బట్టతల వచ్చినా సరే, పిలిపించేది. పెళ్లైన ఆడపిల్లైతే అత్తమామల్ని కూడా. దానికి పేరెంట్స్ మీటింగ్ అని పేరు. క్లయింటును వరండాలో కూర్చోబెట్టి, లోపల పెద్దవాళ్లకు చాయ్ పోసి, వాడు ఆ మూడుసార్లూ ఏమేం చెప్పుకున్నాడో వరసగా అప్పజెప్పేది. తండ్రులు ఆమెను దేవత అనేవాళ్లు. వరండాలో కూర్చున్నవాళ్లు ఏమనేవాళ్లో ఎవరూ అడగలేదు.

కార్ఖానాలో టైల్స్ షాపున్న రామభద్రరావు కొడుకు అభిరామ్ కూడా అలాగే వచ్చాడు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కుర్రాడికి మంచి ఉద్యోగం, నిద్ర మాత్రం లేదు. తెచ్చిన ప్రతి సంబంధాన్నీ వద్దంటున్నాడని తండ్రే తీసుకొచ్చి దింపిపోయాడు. మొదటి రెండుసార్లూ అభిరామ్ ఆఫీసు గురించి మాట్లాడాడు. మూడోసారి నేల చూస్తూ అసలు సంగతి చెప్పాడు.

"నాకు అమ్మాయిలు వద్దు మేడం. నేను గే. మా ఆఫీసులోనే వేణుమాధవ్ అని ఉంటాడు. చాలాకాలంగా ప్రేమించుకుంటున్నాం. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

విమలమ్మ మంచినీళ్లు తాగింది. డిప్లొమా పుస్తకంలో ఆ పాఠం లేదు, ఉన్నా పరీక్షకు రాదని వదిలేసి ఉంటుంది. "సరే, మంచిగ నిద్రపో" అని పంపించింది.

ఆ సాయంత్రమే తల్లి నాంచారమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. పిల్లాడికేదైనా పెద్ద జబ్బా అని. ఏడిస్తే ఓదార్చకుండా ఉండలేదు విమలమ్మ. "గాబరా పడకమ్మా, రోగం గీగం ఏం లేదు. ప్రేమ సంగతి. శనివారం సాయంత్రం మీరిద్దరు రాండ్రి, కూసోని మాట్లాడుకుందాం" అంది. ఫోన్ పెట్టేసి, మంచిపని చేసినట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

అదే శనివారం పగలు ఆమెకు క్లాసు పడింది. ఏడాదికిన్ని గంటలు కొత్త చదువు చదవకపోతే సభ్యుల జాబితాలోంచి పేరు తీసేస్తామని కౌన్సెలర్ల సంఘం బెదిరించింది. ఈసారి పాఠం గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు వస్తే వాళ్లను మార్చాలని చూడకుండా, ఉన్నవాళ్లను ఉన్నట్టుగా ఒప్పుకుని ఎలా చూసుకోవాలన్నది. "నిన్నమొన్న పుట్టిన పోరి నాకు నేర్పుతదా?" అని సణుగుతూనే పట్టుచీర కట్టింది. మీటింగంటే పట్టుచీరే. శాలువా ఎప్పుడు కప్పుతారో ఎవరికి తెలుసు.

హోటల్ హాలు నిండా మనసు డాక్టర్లూ కౌన్సెలర్లూ. ఊళ్లో ఇంతమంది ఉండి కూడా ఊరు ఇట్లా ఉందంటే వాళ్లేం చేస్తున్నట్టో అర్థమవుతుంది. అందరూ రిజిస్టర్‌లో సంతకం పెట్టారు, ఏడు రంగుల బ్యానర్ ముందు ఫొటో దిగారు, ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. సగంమందికి అక్కడితో చదువు అయిపోయింది.

దీపం వెలిగించడానికి డాక్టర్ మధుసూదన్‌ని పిలిచారు. మూడు బ్రాంచీల ఆస్పత్రి ఉన్న మనిషి. దీపం ఒక్క క్షణంలో వెలిగించి, ప్రసంగం మాత్రం జనం కాళ్లు తిమ్మిరెక్కేదాకా చేశాడు. ఇలాంటివాళ్ల మీద మనం జాలిపడాలన్నాడు. తప్పు వాళ్లది కాదు, సెల్‌ఫోన్లదన్నాడు. తన దగ్గరికి వస్తే ఆరునెలల్లో సెట్ చేసి పంపిస్తానన్నాడు. అది చెయ్యకూడదని చెప్పడానికే పెట్టిన క్లాసు అది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగి మొదటివరసలో కూర్చుని ఫోన్ తీసుకున్నాడు.

తర్వాత పాఠం చెప్పాల్సిన కౌన్సెలర్ దేవకృప లేచింది. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, కాటన్ కుర్తా, కాలికి స్పోర్ట్స్ షూ. నమస్కారాలతో టైం వేస్ట్ చెయ్యలేదు. ఇది జబ్బు కాదని, మారుస్తామని మందులివ్వడం వైద్యం కాదని, అది తప్పని పెద్ద మెడికల్ కౌన్సిళ్లే చెప్పాయని డాక్టరుగారి వైపు చూడకుండా చెప్పింది. డాక్టరుగారు కూడా ఆమె వైపు చూడలేదు, ఫోన్‌లో ఉన్నాడు కదా.

హెన్రీ అని పెళ్లి కౌన్సెలర్ చెయ్యెత్తాడు. "మేడం, ఒకసారి పెళ్లి చేసేస్తే వాళ్లే సెట్ అయిపోతారు గదా?"

"మీకు పెళ్లయిందా సార్?"

"అయింది."

"సెట్ అయ్యారా?"

హెన్రీ ఆలోచించి కూర్చున్నాడు. వెనకనుంచి ఒకావిడ సర్టిఫికెట్ భోజనానికి ముందిస్తారా తర్వాతా అని అడిగింది. హాలు మొత్తంలో జవాబు కోసం అందరూ చెవులు నిక్కబొడుచుకున్న ప్రశ్న అదొక్కటే.

విమలమ్మకు ఆ జనాన్ని చూస్తే రోత పుట్టింది. వీళ్లకన్న నేను నయం, కనీసం వింటున్న అనుకుంది. సాయంత్రం మీటింగ్ గుర్తొచ్చి లేచి నిలబడింది, క్లాసులో పిల్లల్ని లేచి అడగమన్నట్టే.

"దేవకృపమ్మా, నాదొక డౌటు. తల్లిదండ్రులకు ఈ ముచ్చట ఎట్ల జెప్పాలె? మెల్లగ జెప్పాల్నా, ఒక్కసారే జెప్పాల్నా?"

"ఎవరు చెప్పాలమ్మా?"

"ఎవరేంది, నేనే. మూడో సిట్టింగ్ కాంగనే పిలిపిస్త. నా పద్ధతి."

"వచ్చినవాళ్లు చెప్పమని మిమ్మల్ని అడుగుతారా?"

"వాళ్లెందుకడుగుతరు? బడిల పిల్లలు అమ్మానాయిన్ని తోల్కరమ్మంటరా?"

హాల్లో కొందరు నవ్వారు. దేవకృప నవ్వలేదు. "అలా పిలిపించాక వాళ్లెలా ఉన్నారు? మళ్లీ మీ దగ్గరికి వచ్చారా?"

"రాలే," అంది విమలమ్మ కొంచెం గర్వంగానే. "ఇన్నేండ్లల్ల ఒక్కరు సుత మళ్ల రాలే. బాగైనరు గద, ఇంకెందుకొస్తరు?"

ఆ మాట హాలంతా విన్నది. తన నోట్లోంచి వచ్చినదాన్ని విమలమ్మ కూడా విన్నది. దేవకృప తర్వాతి ప్రశ్న తీసుకుంది. విమలమ్మ కూర్చుంది గానీ తర్వాత చెప్పిన పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. వరండాలో కూర్చుని చెప్పులు చూసుకునే మొహాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే పాఠమెట్లా ఎక్కుతుంది.

టీ టైంలో అందరూ సమోసాల మీద పడ్డారు. విమలమ్మ మెట్ల దగ్గరికి పోయి అభిరామ్‌కి ఫోన్ కలిపింది.

"బిడ్డా, నేనొక తప్పు చేసిన. నీది ప్రేమ సంగతి అని మీ అమ్మతోని అన్న. సాయంత్రం వస్తున్నరు."

అవతల తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"అందుకా మా నాన్న పొద్దున్నుంచి అంత హుషారుగా ఉన్నాడు," అన్నాడు అభిరామ్. "అమ్మాయి మనవాళ్లేనా, పిల్లాడు ఏమైనా చెప్పాడా అని మా బాబాయికి ఫోన్లు చేస్తున్నాడు. మీరు కౌన్సెలరా మేడం, స్టేషన్‌లో అనౌన్సరా? ఏ బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పేస్తారా?"

బళ్లో ఎవడైనా ఇట్లా మాట్లాడి ఉంటే పీరియడ్ అయ్యేదాకా బయట నిలబెట్టేది. ఇప్పుడు నిలబడింది తనే.

"తిట్టు, తప్పులేదు. తిట్టినంక చెప్పు, నన్నేం జెయ్యమంటవ్?"

క్లయింటును ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి. అతనికీ అది కొత్తగానే ఉన్నట్టుంది, గొంతు తగ్గింది.

"ఏమీ చెప్పొద్దు. చెప్పే రోజు నేనే చెప్పుకుంటాను. మా నాన్నకి ఇప్పుడు తెలిస్తే డాక్టర్ మధుసూదన్ దగ్గర పడేస్తాడు మేడం. మా పెదనాన్న కొడుకుని అక్కడే పడేశారు. వాడు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు, టీవీ చూస్తూ కూర్చుంటాడు. సెట్ అయ్యాడని ఇంట్లో చెప్పుకుంటారు."

విమలమ్మ హాలు వైపు చూసింది. మధుసూదన్ సమోసా మీద నుంచి మిరపకాయ తీసి పక్కన పెడుతున్నాడు. భోజనం వేళకు సర్టిఫికెట్ అడిగి తీసుకుని, కారెక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం క్లాసులో మొదటివరస కుర్చీల్లో హ్యాండ్‌బ్యాగులు కూర్చున్నాయి.

సాయంత్రం రామభద్రరావు మిఠాయి డబ్బాతో దిగాడు. పక్కన నాంచారమ్మ, తల్లో మల్లెపూలు. సగం పెళ్లి వాళ్లే చేసేసినట్టున్నారు.

"అమ్మాయి పేరు చెప్పండి టీచర్‌గారూ, చాలు. మిగతాది నేను చూసుకుంటానండి," అన్నాడు కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే.

"నేనేం జెప్పనండి."

"అదేంటండీ, రమ్మన్నది మీరేగా?"

"రమ్మన్న. రమ్మనుడే తప్పు. ఆ పిల్లగాడు నాతోని చెప్పుకున్నది నా కాడనే ఉంటది."

ఆయన నవ్వాడు. బేరం మొదలైందనుకున్నాడు, టైల్స్ షాపు మనిషి కదా. "సరే, వేరే కులం. అంతేగా? నేను మరీ అంత వెనకబడినవాణ్ణి కాదండి."

విమలమ్మ చాయ్ కప్పు ముందుకు జరిపింది.

"క్రిస్టియనా? పోనీ, చర్చిలో ఒకసారి, మన పద్ధతిలో ఒకసారి చేద్దాం." ఆమె మాట్లాడకపోయేసరికి కాస్త ముందుకు వంగాడు. "ముస్లిములా?" ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మొహంలో కనపడింది. అక్కడిదాకా దిగానే అని తన ఔదార్యానికి తనే ఆశ్చర్యపోతున్నట్టున్నాడు. "భర్త వదిలేసిన మనిషా?"

"ఏవండీ," అంది నాంచారమ్మ.

"నువ్వుండవే. ఈవిడ మొహంలోంచి ఏదీ బయటికి రావట్లేదు."

రాకుండా చూసుకోవడం విమలమ్మకు నిజంగానే కష్టంగా ఉంది. జీవితంలో ఇంతసేపు నోరు మూసుకున్నది లేదు. కొడుకు సుఖం కోసం ఒక్కో మెట్టూ దిగుతున్న తండ్రి మీద జాలేసింది. ఇంకొక్క మెట్టు కింద తన కొడుకే నిలబడి ఉన్నాడని, అక్కడికి మాత్రం ఈయన దిగడని తెలిసి ఆ జాలి అక్కడే ఆగిపోయింది.

చివరికి ఆయన లేచాడు. "మీకు చేతకాదని చెప్పండి. డాక్టర్ మధుసూదన్‌గారు మా వాకింగ్ ఫ్రెండే. రేపే వాణ్ణి తీసుకెళ్తా. ఆయనైతే ఒక్కరోజులో అంతా కక్కిస్తారు."

"ఆయన పొద్దుగాల మా క్లాసుకొచ్చిండు," అంది విమలమ్మ. "పాఠం వినలే, భోజనం అయినంక ఉండలే. మీ కొడుకు పెద్దోడు రావుగారూ. ఇష్టం లేకుంట ఎవరి దగ్గరికీ తోల్కపోలేరు. తోల్కపోతే నేనే వచ్చి ఆ ఆస్పత్రి ముంగట కూసుంట. వీనికి ఏ రోగం లేదు, నేను మూడుసార్లు మాట్లాడిన అని వచ్చేటోల్లకు పోయేటోల్లకు చెప్త. నా గొంతు మీరు వినలే. ప్రేయర్‌ల మైకు లేకున్నా గ్రౌండ్ చివరిదాక వినబడేది."

"మీ దగ్గరికి ఇంకెవరూ రాకుండా చేస్తాను. కార్ఖానా అంతా చెప్తా."

"చెప్పుండ్రి. మిఠాయి తీస్కపోండ్రి, నాకు షుగరు."

ఆయన డబ్బా తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. నాంచారమ్మ గుమ్మం దగ్గర ఆగింది. పేరు అడగలేదు, కులం అడగలేదు. "వాడు సరిగ్గా తింటున్నాడా అమ్మా? అదొక్కటి చెప్పండి. ఇంట్లో నాకు ఏమీ చెప్పడు."

విమలమ్మకు దానికి జవాబు తెలుసు. ఆ ఒక్కటి చెప్తే ఏం పోతుంది అని నోటిదాకా వచ్చింది కూడా. ఆపుకుంది.

"వాన్నే అడుగమ్మా. పక్కన కూసోని అడుగు. అడిగి ఊకో, ఇంకోటి అడగకు."

ఆవిడ తలూపి వెళ్లింది. కారు మలుపు తిరిగాక విమలమ్మ అభిరామ్‌కి ఫోన్ చేసింది.

"చెప్పలే."

"నిజంగా?"

"నిజంగ. ఒక్క ముక్క చెప్పలే. మీ నాయిన కులాలన్ని తిరిగొచ్చిండు."

అభిరామ్ నవ్వాడు. మూడు సిట్టింగుల్లో ఆమె అతని నవ్వు వినలేదు. "అరిచాడా?"

"అరిచిండు. రేపు మధుసూదన్ దగ్గరికి పోదామంటడు. రాను అను. అంతకన్న ఎక్కువ మాటలు వద్దు. ఇంట్ల ఉండలేకుంటే పోనీకి జాగ ఉన్నదా?"

"వేణు రూముంది."

"మంచిగుంది. వచ్చే వారం వస్తవా?"

"రాను మేడం. ఈరోజు చెప్పలేదు, థాంక్స్. కానీ మీ గదిలోకి వచ్చి కూర్చుంటే, వరండాలో మా నాన్న ఉన్నాడేమో అనిపిస్తుంది నాకు."

విమలమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎవరి మీద చూపించాలో దొరకలేదు. క్లాసులో ఇచ్చిన కాగితం తీసి, దేవకృప నంబరు చదివి రాసుకోమంది. "ఇయ్యాల మాకు క్లాసు చెప్పిన పిల్ల, తెలివిగల్లది. అమ్మానాయిన్ని పిలువది. అక్కడికి పో."

"మీరు కూడా వెళ్లండి మేడం. మీకు ఇంకో రెండు క్లాసులు పడితే మంచిది."

"ఫోన్ పెట్టు," అంది విమలమ్మ. అతను పెట్టేదాకా చెవి దగ్గరే ఉంచుకుంది.