పూలు చల్లే విమానం

తొంభైల చివర్లో రాజమండ్రి దగ్గర ఒక ఫ్లయింగ్ క్లబ్బులో నేను గ్రౌండ్ స్టాఫుగా పనిచేశాను. హెల్పరుగా చేరాను. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటే ఈ హోదా ఇచ్చారు. విమానం లేచేముందు ట్యాంకులోంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి పట్టి నీళ్లు కలిశాయేమో చూడడం, పైలట్ సైగ చేశాక చక్రాలకు అడ్డంపెట్టిన చాక్స్ అనే చెక్క దిమ్మలు తీయడం నా పని.

అక్కడ లైసెన్సులున్న ఆడపిల్లలు ఐదుగురు కలిసి లేడీ పైలట్ల క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బు ఉంది గాని విమానం లేదు. మగవాళ్లు వాడుకోగా మిగిలిన పొద్దే వాళ్లది. ద్రాక్షారామం వైపు ఒక ఊళ్లో గుడి ప్రతిష్ఠకు పైనుంచి పూలు చల్లాలని కమిటీవాళ్లు అడిగితే, సెక్రటరీగారు ఆ పని వీళ్లకిచ్చారు. సరిగ్గా చేస్తే వారానికి రెండు ఉదయాలు విమానం వాళ్లకేనన్నారు. నడిపేది సుభాషిణి, కాకినాడ చేపల వ్యాపారి కూతురు.

ఆ ఉదయం కడియం నుంచి బుట్టల్లో బంతిపూల రేకులు వచ్చాయి. వాటితోపాటే కమిటీ పెద్ద వచ్చి సెక్రటరీగారి చెవిలో ఏదో ఊదాడు. ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"రత్నమ్మా, ఆ అమ్మాయినో మాట కనుక్కో. అదే... బయట ఉందేమోనని. గుడి మీద ఎగరాలి కదా. నువ్వైతే ఆడదానివి."

నెలసరి సంగతి! నాకు ఒళ్లు మండింది.

"మగ పైలట్లని స్నానం చేశారా అని ఎప్పుడైనా అడగమన్నారా అండి? కావాలంటే మీరే అడగండి" అన్నాను.

నేల చూపులు చూస్తూ ఆయనే అడిగారు.

"మెడికల్ సర్టిఫికెట్ చూపిస్తానండి. ఇది మాత్రం చెప్పను" అంది సుభాషిణి.

తోటి పైలట్ ప్రమీల ఆమె చెయ్యి పట్టుకు లాగింది. "లేదని చెప్పేసెయ్యవే తల్లీ! వారానికి రెండు ఉదయాలు పోతాయే, పిచ్చిదానా!"

"ఇవాళ నేను లేదంటాను. వచ్చే నెల నిన్నడిగితే?"

ప్రమీల ఆమె చెయ్యి వదిలేసింది.

ఒంట్లో బాగుందో లేదో, ఆ పూట ఎగరగలదో లేదో చెప్పుకోవాల్సింది పైలటే. సెక్రటరీగారికి ఆ రూలు కంఠతా వచ్చు. అయినా ఆమెను దింపి ఇన్‌స్ట్రక్టరుగారిని ఎక్కించారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. చాక్స్ నేనే తీశాను.

రెండు ఉదయాలూ రాలేదు. గొడవ మనుషులని పేరు మాత్రం వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆడవాళ్ల క్లబ్బు బోర్డు పీకేశారు.

కమిటీ పెద్దకు విమానాల సంగతి తెలీదు, ఆయన్నేమీ అనను. అన్నీ తెలిసినవాడు తల వంచాడే, ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఎగిరేముందు పెట్రోలు, గాలి, బరువు, పైలట్ ఆరోగ్యం, అన్నీ అడుగుతాం. అందరి ముందూ గట్టిగా అడుగుతాం. ఇంకొకరి నోటితో రహస్యంగా అడిగించాల్సిన ప్రశ్న ఏదైనా సరే, పనికి సంబంధించింది కాదు.