కెతూరక్కకు రాని జబ్బు లేదు

మా ఆసుపత్రికి ఎవరు ఏ జబ్బుతో వచ్చినా, అది కెతూరక్కకు అప్పటికే వచ్చి ఉంటుంది.

"సిస్టర్, నడుము విరిగిపోతాంది."

"నాది నిన్ననే విరిగింది నాయనా. కూర్చో."

"సిస్టర్, చెవిలో పోటు."

"నాకు రెండు చెవుల్లోనూ తల్లీ. ఏదీ, చూడనీ."

ఒకసారి ప్రకాశం మేస్త్రీ వచ్చి, సిగ్గుపడుతూ, తనకు ప్రోస్టేట్ వాచిందన్నాడు. "నాకూ అంతే అప్పా, శానా ఇబ్బంది" అనేసింది అక్క. మేస్త్రీ ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తినాడు.

నేను మైదుకూరులోని ఆ చిన్న ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవర్ని. పేరు నిస్సార్. ఒక మనిషికి ఇన్ని జబ్బులుండి కూడా రోజూ అందరికంటే ముందు డ్యూటీకి ఎట్లా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. దానికి తోడు ఆమెకు కంగారు ఎక్కువ. "నిస్సారూ, బండిలో డీజిల్ ఉండాదా? టైర్లలో గాలుండాదా? నువ్వు అన్నం తిన్యావా?" మూడూ ఒకే ఊపిరిలో అడిగేది.

కెతూరక్కవాళ్లు యూదులు. వాళ్ల తాత కాలంలో గుంటూరు పక్కనుంచి వచ్చి ఈడ స్థిరపడినారు. ఆమె పేరు విని రోగులంతా "మీది ఏ చర్చి సిస్టర్?" అని అడుగుతారు. "క్రైస్తవులం కాదప్పా, యూదులం" అంటుంది. "ఓహో, ఆ చర్చీనా!" అంటారు వాళ్లు. అక్క నిట్టూర్చి బీపీ చూస్తుంది.

వాళ్లకు శుక్రవారం పొద్దు మునగంగానే విశ్రాంతి దినం మొదలు. మళ్లా శనివారం చుక్కలు కనపడేదాకా వంట లేదు, పని లేదు, బండెక్కేది లేదు. చిన్నప్పుడు శనివారం ప్రార్థన కాంగానే వాళ్ల నాయనమ్మ సారమ్మ మనవరాలి చెయ్యి పట్టుకొని వీధిలో జబ్బుపడిన వాళ్లందరినీ చూడ్డానికి పోయేదంట. వాళ్లు ఏ మతమోళ్లని చూసేది కాదు. "రోగిని చూసి వచ్చేటోళ్లు ఉత్తచేతుల్తో రాకూడదు, వాళ్ల బాధలో చిటికెడు మోసుకొని రావాల. ఇది మా పెద్దల మాట" అని చెప్పేదంట. "అట్ల తిరిగి తిరిగే నర్సునయినా" అంటుంది అక్క. ఈమె చిటికెడు కాదు, గంపలతో మోసుకొస్తోందని మేము నవ్వుకునేవాళ్లం.

ఆ శుక్రవారం సాయంత్రం కంబన్న వచ్చినాడు. పసుపు పండించే రైతు. వెంట కూతురు శిల్ప. మనిషి ముఖం బూడిద రంగులో ఉంది.

"ఏమీ లేదు, గ్యాసు. ఒక మాత్ర ఇయ్యండి, పోతా."

శివజ్యోతి డాక్టరమ్మ ఈసీజీ తీయాలంది. అంతే, కంబన్న లేచి నిలబడినాడు. "వద్దు. మా అన్న ఇట్లే తీగలు పెట్టించుకొని కడపకు పోయినాడు. మళ్లా ఇంటికి రాలా." శిల్ప ఏడుస్తూ చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

కెతూరక్క అప్పటికే భుజాన సంచి వేసుకొని, ఆకాశం చూసుకుంటూ గడప దగ్గర ఉంది. కంబన్న ముఖం చూసింది. సంచి కింద పెట్టేసింది.

"అప్పా, నాకూ పొద్దున్నుంచి గుండెల మీద బండ పెట్టినట్లుండాది. భయపడి ఎవురికీ చెప్పలా."

కంబన్న ఆగినాడు. "నీకు కూడానా?"

"ఎడమ చెయ్యి గూడా లాగుతాంది."

"నాకూ లాగుతాందమ్మా! దవడ దాకా!" ఆయన బెంచీ మీద కూలబడినాడు. "తెల్లారుజామున చెమటలు గూడా పట్టినాయి. పాప భయపడతాదని చెప్పలేదు."

"మనిద్దరం ఒకటే కథ. రా, తీగలు ముందు నీకు, తర్వాత నాకు."

ఈసీజీ తీసినారు. గుండెపోటే. డాక్టరమ్మ మాత్రలు మింగించి, కడపలోని పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. కెతూరక్క, శిల్ప నా బండెక్కి ఆయన పక్కన కూర్చున్నారు.

దారిలో పొద్దు మునిగింది. "అక్కా, మీ విశ్రాంతి దినం వచ్చేసింది" అన్నా.

"అమ్మ దీపాలు పెట్టి ఉంటాది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏ దినమూ అడ్డం రాదని మా ధర్మమే చెప్తాది. నువ్వు రోడ్డు చూడు నిస్సారూ!"

కడపలో ఆయన్ను లోపలికి తీసుకుపోయినారు. నేను బండి పక్కకు పెట్టి వచ్చి చూద్దును కదా, స్ట్రెచర్ మీద పడుకొని ఉంది కెతూరక్క! ఛాతీకి, చేతులకు తీగలు!

"యా అల్లా! అక్కా, నిజంగానే వచ్చిందా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "గట్టిగా అరవొద్దు. నాకేం రోగం? జలుబు తప్ప ఇంతవరకూ ఏమీ ఎరగను. 'ముందు ఆ సిస్టర్‌ను చూడండి, పాపం ఆమెదీ నా జబ్బే, అప్పుడే ఆపరేషన్‌కు సంతకం పెడతా' అని మొండికేసినాడు కంబన్న. ఆయప్ప చూస్తాండాడు, నువ్వు గమ్మునుండు."

పక్క మంచం నుంచి కంబన్న తల తిప్పి ఆమెనే చూస్తున్నాడు. అక్క మూలిగింది. ఆయన సంతకం పెట్టినాడు.

మూసుకుపోయిన రక్తనాళం తెరిచేదాకా బయట నేను, శిల్ప, అక్క. అక్క ఆ పాప చెయ్యి వదల్లేదు.

"ఇన్నేళ్లు మమ్మల్ని ఎందుకు మోసం చేసినావక్కా?" అన్నా.

"జబ్బు కంటే ముందు మనిషిని చంపేది ఒంటరితనం నిస్సారూ. నాకూ ఉందంటే సగం భయం పోతాది. దాచిపెట్టిందంతా బయటికొస్తాది. మా నాయనమ్మ చెప్పిన చిటికెడు అదే అనుకుంటా."

డాక్టర్ వచ్చి, గండం గడిచిందన్నాడు. శిల్ప ఏడ్చింది. నేనూ ముఖం పక్కకు తిప్పుకున్నా. ఇంటికి రమ్మంటే అక్క రాలేదు. "ఇప్పుడు ప్రాణం మీదికి ఏమొచ్చిందని బండెక్కేది? ఈడనే ఉంటా. ఈ బిడ్డకు తోడు."

శనివారం చుక్కలు పొడిచినాక ఆమెను తీసుకురావడానికి పోయినా. కంబన్న దిండుకు ఆనుకొని ఇడ్లీ తింటున్నాడు. ప్లేటులో సగం అక్క వైపు తోసినాడు.

"కారం తగలనీయొద్దమ్మా. మనిద్దరం ఇంక జాగ్రత్తగా ఉండాల."

"అవునప్పా" అంది అక్క బుద్ధిగా, చప్పిడి ఇడ్లీ నోట్లో పెట్టుకుంటూ.